సగం మాత్ర

"ఇలాగొచ్చి కూకోయే అమ్మీ, జడేస్తాను" అంది సన్యాసమ్మ.

వారిజ నవ్వేసి ఊరుకుంది. పిన్నికి హాస్యాలెక్కువ. గుప్పెట మూసుకుపోయి మూడేళ్లు దాటిన మనిషి జడేస్తానంటే హాస్యం కాక మరేమిటి? అన్నం ముద్ద నోటికందించుకోలేదు, చీర కుచ్చిళ్లు పెట్టుకోలేదు, పక్కన ఎవరో ఒకరు లేకపోతే పూట గడవదు. అయినా సన్యాసమ్మ ఆసుపత్రి మంచం మీద కాస్త వెనక్కి జరిగి, దిండు కింద నుంచి దువ్వెన తీసింది. నిజంగానే తీసింది. బొటనవేలు ఇటు, మిగతా వేళ్లు అటు, మధ్యలో దువ్వెన.

వారిజ వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. వెనక నుంచి పిన్ని వేళ్లు పాయలు తీస్తుంటే కన్నీళ్లు ఆగలేదు. జడ వంకరటింకరగా వచ్చింది, ఒక పాయ లావు, రెండు సన్నం. చిన్నప్పుడు ఇలాంటి జడ వేస్తే బడికి వెళ్లనని పేచీ పెట్టి వీధంతా పోగేసేది. ఇప్పుడు మాత్రం ఆ జడను విప్పడానికి మనసొప్పక మర్నాడు కూడా ప్రయోగశాలకి అలాగే వెళ్లింది.

కన్నీళ్లు సంతోషానివే. కానీ ఆ సంతోషాన్ని ఎవరితోనూ చెప్పుకునే వీల్లేదు. సన్యాసమ్మ తీసుకుంటున్న మాత్రను కనిపెట్టింది వారిజే. అది అసలు మాత్రో, ఉత్త మాత్రో వారిజకి తెలియకూడదు.

ఆ జబ్బుకి వైద్య గ్రంథాల్లో నోరు తిరగని పేరుంది. తీరం వెంబడి పల్లెల్లో మాత్రం పిడికిలి జబ్బంటారు. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తోంది. నలభై దాటాక చిటికెన వేలు వంగుతుంది. తర్వాత గుప్పెట మూసుకుంటుంది. ఆ తర్వాత గొంతు, చివరికి ఊపిరి. వారిజ తల్లి దానితోనే పోయింది. అప్పుడు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే సన్యాసమ్మ, పెళ్లి మాటెత్తిన వాళ్లందరినీ తిట్టి పంపించేసి, అక్క కూతుర్ని తన దగ్గర పెట్టుకుని చదివించింది. వారిజకి ఆ జబ్బు రాదని పరీక్షలో తేలిన ఏడాదే సన్యాసమ్మ చిటికెన వేలు వంగింది. "ఇంటికొకలికి తప్పదు కదేటి, నాను తీసీసుకున్నాను" అని నవ్వేసింది తప్ప ఇంకో మాట అనలేదు. వారిజ నవ్వలేకపోయింది. ఆ రోజు నుంచీ ఆమె చదువంతా, ఉద్యోగమంతా ఆ ఒక్క వేలి చుట్టూనే తిరిగింది.

జబ్బు సంగతి చెప్పుకోవడానికి తేలికే. నరాల కణాల్లో ఒక ప్రొటీను మడత తప్పి పుడుతుంది. పాడైన ప్రొటీన్లను నలగ్గొట్టడానికి ప్రతి కణంలోనూ ఒక చెత్తబండి లాంటి ఏర్పాటు ఉంటుంది. కానీ ఈ ప్రొటీను దాని కంటపడదు. బండి పక్కనుంచే వెళ్లిపోతుంటుంది, చెత్త పేరుకుపోతూ ఉంటుంది. సముద్రపొడ్డున ఇసుక దిబ్బల మీద ఊదాపూల తీగ ఒకటి పాకుతుంది. ఆ తీగ వేళ్లలోంచి వారిజ తీసిన పదార్థం ఆ మడత తప్పిన ప్రొటీనును వెతికి మరీ పట్టుకుంది. పట్టుకుంది సరే, పట్టుకుని ఊరుకుంది. పట్టుకున్నంత మాత్రాన చెత్త పోదు కదా. అందుకని వారిజ ఆరేళ్లు కుస్తీ పట్టి, ఆ అణువుకి రెండో చెయ్యి తగిలించింది. ఒక చేత్తో ప్రొటీనునీ, ఇంకో చేత్తో చెత్తబండినీ పట్టుకుని రెండింటినీ దగ్గరికి లాగాలి. పెళ్లిచూపులకి రెండిళ్లవాళ్లనీ ఒక చోట కూర్చోబెట్టినట్టు. ప్రయోగశాలలో అందరూ ఆ అణువుని పేరయ్య అనేవాళ్లు, పెళ్లిళ్ల పేరయ్య.

పేరయ్య ఎలుకల్లో అద్భుతంగా పనిచేశాడు. ఇప్పుడు మనుషుల వంతు. రెండు ఊళ్లలో రెండు వార్డులు పెట్టారు. ఒకటి ఇక్కడ, సముద్రం కనిపించే ఈ పరిశోధనా కేంద్రంలో. ఇంకోటి ఎక్కడో దూరాన పెద్ద నగరంలో. ఇక్కడి వార్డులో పన్నెండు మంచాలు, పన్నెండు మందీ ఆడవాళ్లే, దాదాపు అందరూ చేపలతో బతికినవాళ్లే. వాళ్లలో సన్యాసమ్మ ఉందని వారిజ ముందే చెప్పుకుంది. పర్యవేక్షించే పెద్దాయన డాక్టర్ నరహరి ఆలోచించి, ఆమె మందులిచ్చే వేళ వార్డులో అడుగు పెట్టకూడదని, సాయంత్రం బంధువులా వచ్చి వెళ్లొచ్చని తేల్చాడు. అయితే మొదటి రోజు మాత్రం ఒక పని ఆమెకే అప్పగించాడు. ఈ పరీక్ష ఏమిటో ఆ ఆడవాళ్లకి వాళ్ల భాషలో చెప్పడం.

ఆ రోజు వారిజ చాలా ఓపిగ్గా చెప్పింది. మీలో సగం మందికి మందున్న మాత్ర, సగం మందికి మందులేని ఉత్త మాత్ర. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరిది ఏదో మీకు తెలీదు, మాకూ తెలీదు. అలా అయితేనే మందు నిజంగా పనిచేస్తోందో లేదో తేలుతుంది.

పన్నెండు మందిలోకీ పెద్దది నూకాలమ్మ. అప్పటికే ఆమె గొంతు పట్టేసి, మాట కీచుగా వచ్చేది. "మీకు తెలవదు, మాకు తెలవదు. మరెవులికి తెలుసమ్మా?" అంది.

"కంప్యూటరుకి, అత్తా."

"ఒకే గదిలో పడుకోబెట్టి సగం మందికే మందేటి తల్లీ? ఎక్కడి నాయం?"

వారిజ మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. అందరూ తలలూపారు. వేలిముద్రలు వేయించుకోవడానికి నర్సు గ్రేసమ్మ ఒక్కొక్కరి గుప్పెట్లోంచి బొటనవేలిని మెల్లగా బయటికి తీయాల్సి వచ్చింది. అర్థమైందన్నట్టు తలూపిన మనుషులకి ఏం అర్థమైందో అడగాలని ఆ వేళ ఎవరికీ తోచలేదు.

జడ వేయించుకున్న వారంలోనే నరహరి తన గదికి పిలిచాడు. మనిషి నెమ్మదస్తుడు. చెడ్డ కబురు చెప్పాలంటే ముందు మంచినీళ్లు ఇస్తాడు. గ్లాసు చూడగానే వారిజ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పైవాళ్లు సగం దారిలో లెక్క చూశారమ్మా" అన్నాడు. "రెండు గుంపులకీ తేడా లేదు. పరీక్ష ఆపేయమంటున్నారు."

"తేడా లేకపోవడమేమిటి సార్? మన వార్డులో గుప్పెళ్లు తెరుచుకుంటున్నాయి. మా పిన్ని..." అని ఆగిపోయింది.

"తెరుచుకుంటున్నాయి. అదే చిక్కు. మన వార్డులో మందు తిన్నవాళ్లూ బాగుపడ్డారు, ఉత్త మాత్ర తిన్నవాళ్లూ బాగుపడ్డారు. ఆ నగరంలో ఏ ఒక్కరూ బాగుపడలేదు, మందు తిన్నవాళ్లతో సహా. నువ్వే చెప్పు, దీన్నిబట్టి ఎవరైనా ఏమనుకుంటారు? సముద్రపు గాలి, మంచి తిండి, గ్రేసమ్మ ఆప్యాయత. మందు తప్ప అన్నీ పనిచేశాయనుకుంటారు."

"ఆప్యాయతకి నరాల్లో చెత్త పోదు సార్."

"నాకూ తెలుసు. కానీ లెక్క ఒప్పుకోవద్దూ?" కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఒక్కటి మాత్రం చేయగలిగాను. హాని లేదు కాబట్టి, మన వార్డులో బాగుపడినవాళ్లకి వాళ్ల మాత్రలు వాళ్లకి, నిల్వ ఉన్నన్నాళ్లు ఇవ్వడానికి ఒప్పించాను. రెండేళ్లకి సరిపోతుంది. పేరయ్య కథ మాత్రం ఇంతటితో సరి."

వారిజ మంచినీళ్లు ముట్టుకోకుండానే బయటికొచ్చింది. ఉత్త మాత్రలో పిండి, పంచదార తప్ప ఇంకేం లేవు. వాటిని ఆమే కలిపించింది. పిండితో వేళ్లు సాగవు. మరి ఆ వార్డులో ఏం జరుగుతోంది?

మర్నాడు ఉదయం, వెళ్లకూడని వేళకే వెళ్లింది. లోపలికి కాదు, వరండాలోని కిటికీ దగ్గరికి. గంజి వేళ అది. నూకాలమ్మలాంటి వాళ్లకి మాత్ర గొంతు దిగదు కాబట్టి, అందరి మాత్రలూ పొడి చేసి గంజిలో ఇవ్వొచ్చని మొదట్లోనే అనుమతి తీసుకున్నారు. గ్రేసమ్మ మంచం మంచానికీ తిరుగుతూ, ఎవరి స్టీలు గ్లాసులో వాళ్ల పొడి వేసి, పైన గంజి పోసి వెళ్తోంది. పద్ధతి ప్రకారం ఒక్క పిసరు తప్పు లేదు. చివరి గ్లాసు కూడా నింపి, గ్రేసమ్మ గంజి గిన్నె పెట్టి రావడానికి పక్క గదిలోకి వెళ్లింది.

అప్పుడు సన్యాసమ్మ లేచింది. కిటికీ కింద ఉన్న పెద్ద తపేలా తీసుకుని మొదటి మంచం నుంచి బయల్దేరింది. ఎవరి గ్లాసు వాళ్లు రెండు గుప్పెళ్ల మధ్యా ఇరికించుకుని తపేలాలో వంచేస్తున్నారు. గరిటెతో గిరగిరా తిప్పింది. మళ్లీ అదే గరిటెతో, కొలత తప్పకుండా, గ్లాసు గ్లాసుకీ పోసింది. గ్రేసమ్మ తిరిగొచ్చేసరికి పన్నెండు మందీ బుద్ధిగా గంజి తాగుతున్నారు. ఆమె కాగితంలో అందరి పేర్ల పక్కనా మందు తీసుకున్నట్టు గుర్తు పెట్టింది.

వారిజ అక్కడే వరండా బల్ల మీద కూర్చుండిపోయింది.

సాయంత్రం అడిగింది. గట్టిగానే అడిగింది. సన్యాసమ్మ దాచలేదు, తప్పు చేసినట్టు మొహం కూడా పెట్టలేదు.

"మొదట్రోజు నుంచీ అంతేనే. వలలో చేప పడ్డోడు ఖాళీగా వచ్చిన పడవోడికి కూరకని నాలుగు చేపలియ్యకుండా ఇంటికెల్తాడేటి? ఎవులి మాత్రలో మందున్నాదో నీకే తెలవదన్నావు. తెలవనపుడు కలిపీడమే కదేటి దారి?"

"నేనంత చెప్పాను కదా పిన్నీ! అందరూ తలూపారు కూడా."

"నువ్వు సెప్పింది మాకు బాగానే అర్తమైనాది" అంది పక్క మంచం మీంచి నూకాలమ్మ, కీచు గొంతుతో. "సగం మందికి నేదని సెప్పినావు. ఇని ఊరుకోమని మాత్రం సెప్పనేదు."

వారిజకి ఒళ్లు మండిపోయింది. ఆరేళ్ల పని గంజిలో కలిపి తాగేశారు. పరీక్ష అన్నమాటకే అర్థం లేకుండా చేసేశారు. అరవాలనుకుని నోరు తెరిచి, సన్యాసమ్మ చేతిని చూసి ఆగిపోయింది. అది తెరుచుకున్న చెయ్యి. ఉత్త మాత్ర వాళ్లూ, మందు వాళ్లూ కలిసి ఒకే తపేలా తాగితే, ఒక్కొక్కరికి వెళ్లింది ఎంత?

సగం.

ప్రయోగశాలకి వెళ్లి గాజు పళ్లాలు వరస పెట్టింది. జబ్బున్న నరాల కణాలు, వాటిలో పేరుకున్న ప్రొటీను పచ్చగా మెరిసేలా రంగు. మొదటి పళ్లెంలో మందు లేదు. తర్వాతి దాంట్లో, సగం మాత్ర వేసుకున్న మనిషి నెత్తుట్లో ఉండేంత. చివరి దాంట్లో నిండు మాత్రకి సరిపడేంత. రెండు రోజులాగి సూక్ష్మదర్శినిలో చూసింది. మందు లేని పళ్లెం పచ్చగా మెరుస్తోంది. సగం పళ్లెం చీకటిగా, శుభ్రంగా ఉంది. నిండు పళ్లెం మళ్లీ పచ్చగా మెరుస్తోంది.

ఇంత చిన్న సంగతి తనకి తట్టకపోవడమేమిటి? ఆడపిల్లవాళ్ల ఇంటికి ఒక పేరయ్య, పిల్లాడివాళ్ల ఇంటికి ఇంకో పేరయ్య వెళ్లి కూర్చుంటే ఏమవుతుంది? ఒకడు వీళ్ల చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు, ఇంకొకడు వాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు. ఇద్దరి రెండో చేతులూ ఖాళీగా గాల్లో ఊగుతుంటాయి. ఊరి నిండా పేరయ్యలే, పెళ్లి మాత్రం ఒక్కటీ జరగదు. మందు తక్కువై కాదు, ఎక్కువై పాడైంది.

ఎక్కువ పెట్టించింది కూడా తనే. ఎలుకల లెక్క మనుషులకి మార్చేటప్పుడు, తక్కువై పనిచేయకపోవడం కన్నా కాస్త ఎక్కువుంటే నయం కదా అనుకుంది. ఇంకొక్క ముద్ద తినమని పిల్లల వెంటపడే తల్లుల తెలివి అది. మనిషి కాలేయం ఈ మందుని ఎలుక కాలేయమంత తొందరగా అరిగించుకోదు. అందువల్ల కాస్త అనుకున్నది చాలా అయింది.

ఇక మిగిలింది ఒకే ప్రశ్న. అది సైన్సు ప్రశ్న కాదు.

మర్నాడు సాయంత్రం వార్డు తలుపు దగ్గరికి వేసి, పన్నెండు మందికీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఈసారి తలూపితే ఊరుకోలేదు. ఒక్కొక్కరి చేతా తిరిగి చెప్పించుకుంది. గంజి సంగతి పైకి చెప్పకపోతే మీ మాత్రలు మీకు రెండేళ్లు వస్తాయి, మీరు కలుపుకుని తాగుతూనే ఉండొచ్చు. కానీ మందు పనికిరాదని తేల్చేస్తారు, మీ ఊళ్లలో మిగిలినవాళ్లకి ఎప్పటికీ రాదు. గాజు పళ్లెంలో కణాలు బాగుపడ్డాయంటే ఎవరూ కొత్త పరీక్షకి ఒప్పుకోరు, బాగుపడిన మనుషుల్ని చూపించాలి. చెప్తే కొత్త పరీక్ష జరుగుతుంది, సగం మాత్రతో. కానీ నియమం తప్పారని మీ అందరినీ తీసేస్తారు. మీ మాత్రలు ఆ రోజే ఆగిపోతాయి. ఒకసారి మందు తిన్నవాళ్లని కొత్త పరీక్షలో చేర్చుకోరు కూడా. అది పూర్తయి మందు బయటికి రావాలంటే కొన్నేళ్లు పడుతుంది.

సముద్రం హోరు గదిలోకి వినిపిస్తోంది.

ముందుగా నూకాలమ్మ నోరు విప్పింది. "మా కూతురు గుంటకి పోయిన నెల్లోనే చిటికెనేలు వొంగినాది. నాతో సెప్పకుండా దాస్తన్నాది. తల్లికి తెలవదేటి?" అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "సెప్పీ అమ్మా" అంది.

ఒక్కొక్కరే ఆ మాటే అన్నారు. ఒకామె ఏడుస్తూ అంది, ఒకామె విసుక్కుంటూ అంది. సన్యాసమ్మ ఒక్కతే ఏమీ అనకుండా తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది. వేళ్లు చాపింది, ముడిచింది, మళ్లీ చాపింది. పిన్ని వద్దంటే బాగుండునని ఆ క్షణంలో వారిజకి అనిపించింది. వద్దంటే ఆ మాట పట్టుకుని ఆగిపోవచ్చు. అంత స్వార్థం తనలో ఉందని తెలిసి సిగ్గుపడింది, అయినా ఆశ పోలేదు.

"మల్లీ మూసుకుపోతాదేటి?" అంది సన్యాసమ్మ.

"మూసుకుపోతాది పిన్నీ."

"ఎంటనేనా?"

"ఎంటనే కాదు. కొన్ని నెల్లు పడతాది."

"అయితే ఈలోపు రోజూ వొచ్చి కూకో. జడేస్తాను" అంది సన్యాసమ్మ.

మర్నాడు వారిజ నరహరికి తపేలా సంగతంతా చెప్పేసింది. అంతా విన్నాక ఆయన మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు, ఆ వెంటనే కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వాళ్ల మాత్రలు ఆపకుండా ఉండేందుకు ఎన్ని గుమ్మాలు ఎక్కాలో అన్నీ ఎక్కాడు. ప్రతిచోటా మర్యాదగానే కాదన్నారు. చివరి రోజు గ్రేసమ్మ మందుల బుట్ట తీసుకెళ్తూ, తపేలాని మాత్రం అక్కడే వదిలేసి వెళ్లింది.

ప్రయోగశాల బీరువాలో పేరయ్య సీసా నిండా ఉన్నాడు. వారిజ ఒకసారి ఆ సీసాని సంచీలో వేసుకుని గేటు దాకా వెళ్లింది. అది బయటపడితే కొత్త పరీక్ష మొత్తం కొట్టుకుపోతుంది. అదీ కాక, ఇంటికి తీసుకెళ్తే పిన్ని ఏం చేస్తుందో తెలియనిదేముంది? ఆ పొడిని పన్నెండు పొట్లాలు కట్టి, ఊరూరికీ పంపిస్తుంది. వెనక్కి వెళ్లి సీసాని దాని చోట పెట్టేసింది.

సన్యాసమ్మ ఇప్పుడు వారిజ ఇంట్లోనే ఉంటోంది. రోజూ పొద్దున్నే జడ. మొదట్లో బిగుతుగా, పాయలు సమంగా వచ్చేది. "సూసినావా, సెయ్యి తిరిగినాది" అని మురిసిపోయేది. వానలు మొదలయ్యేసరికి జడ వదులైంది. మధ్యాహ్నానికే ఊడిపోయేది. సహోద్యోగులు చూసి నవ్వితే వారిజ కూడా నవ్వేది, సరిచేసుకునేది కాదు. ఒకరోజు దువ్వెన జారి కింద పడింది. వారిజ తీసి ఇచ్చింది. మళ్లీ పడింది. మూడోసారి సన్యాసమ్మ దాన్ని తీసుకోలేదు. "సాల్లే, ఇవాల్టికి" అంది. మర్నాటి నుంచి ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ వానల్లోనే నూకాలమ్మ పోయింది. గంజి గొంతు దిగక నీరసించి పోయింది. ఇద్దరూ వెళ్లారు. నూకాలమ్మ కూతురు ఎదురొచ్చి సన్యాసమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆమె ఎడమచేతికి మూడు వేళ్లు వంగి ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో బస్సులో సన్యాసమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "ఇద్దరం ఒకే గరిటె తాగినాం. అది ముందెల్లిపోనాది" అంది. అప్పటికే ఆమె గొంతు కూడా కీచుగా మారుతోంది. తను చెప్పకుండా ఉంటే ఈపాటికి నూకాలమ్మ బతికే ఉండేదన్న మాట వారిజ మనసులో మెదిలింది. అది నిజం కూడాను. ఆ నిజం ఇప్పటికీ ఆమెని వదల్లేదు.

కొత్త పరీక్షకి నియమాలు వారిజే రాసింది. ఎవరి పొడి వాళ్లు, మూత వేసిన కప్పులో, నర్సు కళ్లముందే తాగాలి. గిన్నెలు, గరిటెలు వార్డులో ఉండకూడదు. ఆ వాక్యం రాస్తున్నప్పుడు ఆమె చెయ్యి ఆగింది, మళ్లీ రాసింది. నూకాలమ్మ కూతురు అందులో చేరింది. ఆమెకి ఏ మాత్ర వచ్చిందో ఎవరికీ తెలియలేదు, మొదటి సంవత్సరం ఆమె వేళ్లు మెల్లగా లేచేదాకా. ఈసారి లెక్క ఒప్పుకుంది. సగం మాత్ర తిన్నవాళ్ల గుప్పెళ్లు తెరుచుకున్నాయి, ఉత్త మాత్ర తిన్నవాళ్లవి తెరుచుకోలేదు. గోడలా నిలబడింది ఫలితం. మందుకి అనుమతి వచ్చిన రోజు నరహరి వారిజకి మంచినీళ్లు ఇవ్వలేదు, కాఫీ ఇచ్చాడు.

మొదటి మాత్రల పెట్టె చేతికి రాగానే వారిజ ఇంటికి బయల్దేరింది. దారిలో నూకాలమ్మ కూతురికి ఫోను చేసింది. ఆమెకి నిన్ననే అందాయట, పొద్దున్నే వేసుకుందట, చేపలు శుభ్రం చేస్తూ మాట్లాడుతోంది.

సన్యాసమ్మ కిటికీ పక్కన మంచం మీద ఉంది. రెండు చేతులూ ఎప్పుడో మూసుకుపోయాయి. మాట పోయి ఆరు నెలలవుతోంది. పాలు తప్ప ఏమీ దిగడం లేదు, అవీ చెంచాతో. ఈ వారం గడిస్తే పై వారం అన్నట్టు రోజులు నెట్టుకొస్తున్నారు. మందు ఇంత ఆలస్యంగా పనిచేస్తుందో లేదో వారిజకి తెలియదు. చేస్తుందని ఆమె చదువు పూర్తిగా చెప్పడం లేదు, చేయదని కూడా చెప్పడం లేదు.

పక్కన కూర్చుని మాత్రను అరచేతిలో పెట్టి చూపించింది. చిన్నది, తెల్లనిది. చెంచా తీసి దాన్ని పొడి చేయబోతే, సన్యాసమ్మ గుప్పెట లేచి ఆమె మణికట్టు మీద పడింది.

"ఏటి పిన్నీ?"

సన్యాసమ్మ మాత్ర వైపు చూసింది. తర్వాత తన రెండు గుప్పెళ్లనూ దగ్గరికి తెచ్చి, కష్టం మీద ఎడంగా జరిపింది. మళ్లీ దగ్గరికి తెచ్చి, మళ్లీ విడదీసింది. విరువు అని. తర్వాత, మిగతా సగం బయటివాళ్లకి అన్నట్టు, గడ్డంతో గుమ్మం వైపు చూపించింది.

ఏడుస్తూ చెబితే మాట పిన్నికి అర్థం కాదని వారిజ ఏడుపు ఆపుకుంది.

"విరవక్కర్నేదు పిన్నీ. ఇది సగమే. ఇలాగే సేయించినాం" అంది, ఆమెకి తెలిసిన మాటల్లోనే. "రెండో సగం ఇచ్చీసినాం. నూకాలమ్మత్త కూతురు పొద్దున్నే ఏసుకున్నాది. సేపలు కోస్తన్నాది."

సన్యాసమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది, నిజమా కాదా అని. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి వచ్చిన రోజున కూడా అలాగే చూసేది.

తర్వాత నోరు తెరిచింది.